బాపు నొప్పి చెప్పుకున్న డాక్టరు

మీ తరం డాక్టర్లకు వింతగా ఉంటుంది గానీ, మా రోజుల్లో గుండెనొప్పి రోగి నోట్లో ఉండేది. ఛాతీ మీద స్టెతస్కోపు పెడితే ఏమీ వినిపించేది కాదు. నాడి బాగానే ఉండేది, బీపీ బాగానే ఉండేది. ఈసీజీ యంత్రం ఉన్నచోట కూడా నొప్పి లేని వేళ తీస్తే గీత చాలాసార్లు ఏ లోపమూ లేకుండా వచ్చేది. నడిస్తే పట్టుకుంటుంది, నిలబడితే వదులుతుంది అని రోగి చెప్పాలి. పిడికిలి బిగించి రొమ్ము మీద పెట్టుకొని 'గిక్కడ బండ వెట్టినట్టుంటది సారూ' అనాలి. అన్నాడంటే జబ్బు ఉన్నట్టు. అనకపోతే మన చదువంతా దండగ.

ఆ మాట రాబట్టడంలో బోధన్‌లో నాకు మంచి పేరు ఉండేది. బస్టాండు వెనక వీధిలో రెండు గదుల దవాఖాన నాది, దాని వెనకే ఇల్లు. చెరకు రైతులు, చక్కెర ఫ్యాక్టరీ కార్మికులు, సరిహద్దు అవతలి మరాఠీ వాళ్ళు అందరూ వచ్చేవారు. ఎవరి భాషలో వాళ్ళను అడిగేవాణ్ణి. ఉర్దూ ఆయన 'సీనే పే బోజ్', ఛాతీ మీద బరువు, అంటే చాలు, మిగతా కథ నేనే చెప్పేసేవాణ్ణి. ఆయన ఆశ్చర్యపోయేవాడు. నాకు గర్వంగా ఉండేది.

అట్లాంటి నాకు కన్నతండ్రి, మా బాపు నోటి నుంచి మాత్రం ఒక్క మాట రాలేదు. ఆయన తన నొప్పిని ఇంకో డాక్టరుకు చెప్పుకున్నాడు. ఆ డాక్టరును చూసి నేను ఏళ్ళ తరబడి కుళ్ళుకున్నాను.

ఆ డాక్టరు నిజామాబాద్ ప్రభుత్వ ఆసుపత్రికి బదిలీ మీద వచ్చాడు. కరీంనగర్ వైపు మనిషి. నాకంటే ఐదారేళ్ళు చిన్న, కానీ ఎం.డి. చదివినవాడు. నాది ఒట్టి ఎంబీబీఎస్. ఆయన వచ్చిన కొన్నాళ్ళకే ఆ ఆసుపత్రికి ఈసీజీ యంత్రం వచ్చింది. అంతవరకూ ఎడపల్లి నుంచి బోధన్ దాకా ఛాతీలో ఏం కలుక్కుమన్నా నా గుమ్మం ఎక్కేవారు. ఆ తర్వాత నా గుమ్మం ముందు నుంచే నడిచి వెళ్ళి నిజామాబాద్ బస్సు ఎక్కడం మొదలుపెట్టారు.

మా కాంపౌండరు కిటికీలోంచి చూసి చెప్పేవాడు. "పటేల్ సాబ్ గూడ బస్సెక్కుతుండు సార్."

"ఏదో పనుండి పోతుండొచ్చు," అనేవాణ్ణి.

"శాలువ కప్పుకొని పోతుండు సార్. దవాఖానకే."

ఆ నిజామాబాద్ డాక్టరు రోగి మంచం మీద కూర్చొని మాట్లాడతాడని ఎవరో చెప్పారు. అదంతా నాటకం అని కొట్టిపారేశాను. మర్నాడు నేనూ ఒక ముసలాయన మంచం మీద కూర్చొని చూశాను. ఆయన భయపడి గోడవైపు జరిగి, "గంత ఖరాబుందా సార్ నా పని?" అని అడిగాడు. లేచి నా కుర్చీలో కూర్చున్నాను.

ఇదంతా వృత్తిలో మామూలుగా ఉండే అసూయే. అసలుది జిల్లా డాక్టర్ల సమావేశంలో మొదలైంది. టీ తాగుతూ నలుగురం నిలబడి ఉన్నాం. ఆ డాక్టరు నా దగ్గరికి వచ్చి చెయ్యి కలిపాడు.

"మీ బాపుకు ఎట్లున్నదండీ ఇప్పుడు? నాలుక కింది గోలీకి నొప్పి తగ్గుతున్నదా?"

వేడి టీకి నాలుక కాలింది. మింగేశాను.

"తగ్గుతుంది," అన్నాను.

"మంచిది. బండి తోలుడు కొంచెం తగ్గించుమన్నానని యాది చెయ్యండి. నా మాట వింటడో లేదో." అని పక్కవాళ్ళ వైపు తిరిగాడు. "ఈయన సొంత బాపును నా దగ్గరికి పంపిండు. 'మా కొడుకు గూడ డాక్టరే, ఆయనే నీ దగ్గరికి పొమ్మన్నడు' అన్నడు పెద్దాయన. మనల ఎందరికుంటది చెప్పండి గంత పెద్ద మనసు?"

పక్కనున్న డాక్టర్లు నా భుజం తట్టారు. ఒక పెద్దాయన, సొంతవాళ్ళకు మనం వైద్యం చెయ్యకూడదని, అది నియమమని, ఆ నియమం పాటించేవాణ్ణి ఈ జిల్లాలో ఇప్పుడే చూస్తున్నానని మెచ్చుకున్నాడు. నేను నవ్వుతూ నిలబడ్డాను. అంత మెప్పు నా జీవితంలో మళ్ళీ దొరకలేదు. అంత మంటా మళ్ళీ పుట్టలేదు.

తిరుగు బస్సులో బోధన్ దాకా పోలేదు. ఎడపల్లిలో దిగిపోయాను. మా ఊరు అదే. బాపు పొలంలో ఉన్నాడు. గాలికి చెరకు పడిపోకుండా గడలను నాలుగైదు కలిపి వాటి ఆకులతోనే కట్టిస్తున్నాడు. నన్ను చూసి, "గిప్పుడొస్తివేంది? దవాఖాన బంద్ పెట్టినవా?" అన్నాడు.

"నిజామాబాద్ ఎందుకు పోయినవ్ బాపూ?"

"ఎరువుల కోసం పోయిన."

"ఛాతిల నొప్పికి ఎరువులిచ్చిండా ఆ డాక్టరు?"

బాపు చేతులకంటిన ఆకు నూగు దులుపుకున్నాడు. కూలీలకు వినబడకుండా గట్టు మీదికి నడిచాడు.

"నీకు సెప్పిండా? మంచోడనుకున్న."

"నువ్వు నాకు చెప్పినవనే అనుకున్నడు ఆయన. నాకెందుకు చెప్పలే?"

"నీకు సెప్తె నువ్వు కొడుకువైతవ్ రా. మొఖం మాడ్సుకుంటవ్. బండి తోలకు, నీళ్ళు కట్టకు అంటవ్. పోయి మీ అవ్వకు సెప్తవ్, ఆమె ఏడుస్తది. గాయినకు సెప్తె ఇంటడు, గోలీ ఇస్తడు. గంతే."

ఆయన్ని గట్టు మీద కూర్చోబెట్టి సంచిలోంచి స్టెతస్కోపు తీశాను. ఎప్పుడు వస్తుంది, ఎంతసేపు ఉంటుంది, చేతిలోకి పాకుతుందా, చెమట పడుతుందా, అన్నీ అడిగాను. వేలమందిని అడిగిన ప్రశ్నలే. బాపు ఎదుట చూస్తూ, "లేదు", "ఏం లేదు", "మంచిగనే ఉన్న" అని జవాబు చెప్పాడు. తహసీల్ ఆఫీసులో గుమాస్తాకు చెప్పినట్టు. ఆయన ఛాతీ మీద నా చెయ్యి ఉంది, లోపల గుండె చక్కగా కొట్టుకుంటోంది. నాకు ఒక్క సంగతి తెలియలేదు.

లేచేటప్పుడు రుమాలు ముడిలోంచి గోధుమరంగు గాజు సీసా జారింది. బాపు దాన్ని గబుక్కున తీసి మళ్ళీ చుట్టుకున్నాడు. ఆ గోలీలకు ఎండ తగిలినా, గాలి తగిలినా బలం పోతుంది. ఆ డాక్టరు ఆ సంగతి చెప్పి ఉంటాడు. బాపు పసిపిల్లను చుట్టినట్టు చుట్టుకున్నాడు. అప్పుడే ఇంకోటి గమనించాను. ఆయన చెవి మీద బీడీ లేదు.

"బీడీ మానినవా?"

"మానిన."

"నేను పదేండ్ల సంది చెప్తున్న గద!"

"ఆయన గూడ సెప్పిండు," అన్నాడు బాపు.

ఆ రోజు బోధన్‌కు నడిచే పోయాను. బస్సులో ఎవరి పక్కనా కూర్చోబుద్ధి కాలేదు.

ఆ ఏడు చెరకు ఆడించే కాలం వచ్చింది. మీలో ఆ ప్రాంతం వాళ్ళకు తెలుసు, అప్పుడు బోధన్ రోడ్ల మీద మనుషులకంటే ఎద్దులు ఎక్కువ ఉండేవి. ఫ్యాక్టరీ తూకం దాకా బండి వెనక బండి. ఊరంతా చెరకు మడ్డి వాసన. బండి తోలనని బాపు నాకు మాట ఇవ్వలేదు. ఆ డాక్టరుకు ఇచ్చాడో లేదో తెలియదు. మొత్తానికి తోలుకొచ్చాడు.

మధ్యాహ్నం రోగులు పలచబడిన వేళ మా ఊరి బండి మనిషి ఒకడు దవాఖానలోకి పరుగెత్తుకొచ్చాడు. "సారూ, మీ బాపు బండి చక్రానికి ఒరిగి కూసున్నడు. లెవ్వుమంటె లేస్తలేడు."

స్కూటరు మీద పోయాను. బాపు నేల మీద కూర్చొని ఉన్నాడు. ముఖం బూడిద రంగు. చలికాలపు గాలిలో చొక్కా తడిసి ఒంటికి అంటుకుంది. ఎద్దులు నెమరు వేస్తున్నాయి.

"గోలీ పెట్టుకున్నవా బాపూ?"

"పెట్టుకున్న. ఇంకోటి గూడ పెట్టుకున్న. తగ్గుతలేదు."

నాకు ఆ ఒక్క ముక్క చాలు. నిలబడితే పోయే నొప్పి, గోలీకి తగ్గే నొప్పి ఒకటి. దేనికీ తగ్గనిది ఇంకొకటి. అది వస్తే గుండె కండరంలో ఒక భాగం చచ్చిపోతోందని అర్థం. బాపు నాకు మొదటిసారి నిజం చెప్పాడు, ఆ నిజం అదీ.

హోటలు ముందున్న నులక మంచం మీద పడుకోబెట్టి నలుగురం మోసుకొచ్చాం. నా వెనక గదిలో పడుకోబెట్టి నొప్పికి పెథిడిన్ ఇంజక్షన్ ఇచ్చాను. ఆ రోజుల్లో దాని తర్వాత చేయగలిగేది తక్కువే. మనిషిని కదలకుండా ఉంచడమే పెద్ద మందు. నా దగ్గర ఆక్సిజన్ లేదు, యంత్రం లేదు. నిజామాబాద్ తీసుకుపోదామంటే రోడ్డంతా గుంటలు, బండ్లు. దారిలోనే పోయినవాళ్ళను చూశాను. కదిలించకపోవడమే సరైన వైద్యమని పుస్తకం చెబుతోంది. ఆ నిజామాబాద్ డాక్టరు చేతికి అప్పజెప్పకూడదని నా కడుపులో మంట చెబుతోంది. రెండూ ఒకే మాట చెబుతున్నప్పుడు మనిషి దేన్ని వింటున్నాడో వాడికే తెలియదు.

బాపు కళ్ళు మూసుకొనే అన్నాడు. "ఆయనకు కబురు పెట్టు."

"నేనున్న గద బాపూ."

"నువ్వుంటవ్ లే. ఆయన్ని పిలువు."

ఎదురింటి వకీలు గారి ఇంట్లో టెలిఫోను ఉండేది. నిజామాబాద్ కలిసేదాకా రిసీవరు చెవికి పెట్టుకొని నిలబడ్డాను. ఆయన గొంతు వినగానే ఒక్క వాక్యంలో చెప్పేశాను. ఆయనా ఒక్క వాక్యమే అన్నాడు. "కదిలించకండి, నేనే వస్తున్న."

ఆ తర్వాత నేను చేసిన పని బాపు నాడి పట్టుకొని కూర్చోవడం. పెథిడిన్‌కు నొప్పి మెత్తబడింది గానీ నాడి నాకు నచ్చలేదు. నడుస్తూ నడుస్తూ తడబడుతోంది. ఒక దెబ్బ ముందే వచ్చేస్తుంది, తర్వాత ఖాళీ. ఆ ఖాళీలో నా ఊపిరి ఆగుతుంది. మళ్ళీ వస్తుంది. మా ఆవిడ గుమ్మంలో నిలబడి నా ముఖం చూస్తోంది. బాపు ముఖం చూడడం లేదు.

డాక్టరు జీపు వచ్చింది. ఆక్సిజన్ సిలిండరు వెనక ఉంది. ఈసీజీ యంత్రాన్ని కుదుపులు తగలకుండా కంబళిలో చుట్టి దారంతా ఒళ్ళో పెట్టుకొని తెచ్చాడు. ఆయన లోపలికి రాగానే బాపు కళ్ళు తెరిచాడు. ముఖంలో బిగువు వదిలింది. నేను అంతసేపు కూర్చున్నా వదలనిది.

"వస్తివా బిడ్డా," అన్నాడు.

"వస్తి బాపూ. మాట్లాడకు."

బిడ్డా అన్నాడు. ఆ పరిస్థితిలో కూడా ఆ మాట నాకు గుచ్చుకుంది. మీరు నవ్వుకుంటే నవ్వుకోండి.

కాళ్ళకూ చేతులకూ పట్టీలు కట్టి గీత తీశాడు. కాగితం బయటికి వస్తుంటే తను చూడకముందే నా చేతికి ఇచ్చాడు. గీత పైకి లేచి ఉంది, ఎవరికైనా కనిపించేంతగా. దాని మధ్యలో అక్కడక్కడా వంకర దెబ్బలు, వెడల్పుగా, వికారంగా. రెండేసి జతగా రావడం మొదలుపెట్టాయి. అవి వరుసగా వచ్చాయంటే గుండె వణికి ఆగిపోతుంది. ఆయన నన్ను గది బయటికి పిలిచాడు.

"మీ దగ్గర లిగ్నోకెయిన్ ఉన్నదా? అడ్రినలిన్ కలపంది?"

ఉంది. చెరకు నరికేవాళ్ళకు కత్తి కోతలు పడితే కుట్లు వేసే ముందు తిమ్మిరికి వాడేవాణ్ణి. "నరంలోకా?" అని అడిగాను. గుండె తడబాటును అది ఆపుతుందని పత్రికలో చదివాను గానీ ఇవ్వడం ఎన్నడూ చూడలేదు.

"నరంలోకే. మెల్లగ. నేను రెండుసార్లు ఇచ్చిన. ఒకాయన బతికిండు." అని ఆగాడు. "మీరు వద్దంటె ఇయ్యను. మీ బాపు."

అంతవరకూ ఆయన్ని ద్వేషించడానికి నాకు చాలా కారణాలు ఉండేవి. ఆ మాటతో ఒకటి తగ్గింది. "ఇయ్యండి," అన్నాను.

సిరంజి నేనే నింపాను. సూది నరం దగ్గర పెట్టి, తీసి, మళ్ళీ పెట్టాను. ఆయన చూసి, సిరంజి తీసుకొని, "మీరు నాడి పట్టుకోండి," అన్నాడు. మందు లోపలికి పోతోంది. నా వేళ్ళ కింద ఆ తడబాటు ఇంకా ఉంది. తర్వాత దూరం దూరమైంది. ఒక దెబ్బ, ఇంకో దెబ్బ, ఇంకోటి, అన్నీ వరుసలోకి వచ్చి నిలబడ్డాయి. నా దవాఖాన, నా మందు, నా తండ్రి. చెయ్యి మాత్రం ఆయనది. బాపు బతుకుతున్నాడన్న సంతోషం, బతికించింది నేను కాదన్న బాధ రెండూ ఒకే క్షణంలో వచ్చాయి. ఏది ముందు వచ్చిందో చెప్పమంటే చెప్పలేను.

తర్వాత వారాల తరబడి మంచం. ఇప్పుడు మీరు మూడోరోజే నడిపిస్తారు. అప్పుడు పక్క మీదే తిండి, పక్క మీదే అన్నీ. ఆయన ఆదివారం ఆదివారం నిజామాబాద్ నుంచి వచ్చేవాడు. వచ్చి మంచం మీద కూర్చునేవాడు. బాపు గోడవైపు జరిగేవాడు కాదు. లోపలి నుంచి నవ్వులు వినబడేవి. నేను ముందు గదిలో రోగి నాలుక చూస్తూ చెవి అటు వేసేవాణ్ణి.

ఒక ఆదివారం అట్లాగే విన్నాను. బాపు వయసులో కుస్తీ పట్టేవాడట. మా తాతకు తెలియకుండా బోధన్ తాలీంఖానాకు వచ్చి మట్టిలో దొర్లి, చెరువులో స్నానం చేసి ఇంటికి పోయేవాడట. దేగ్లూర్ నుంచి వచ్చిన ఒక మరాఠీ పహిల్వాన్‌ను పడగొట్టాడట. నలభై దాటిన కొడుకును, నాకు ఈ ముక్క తెలియదు.

మా ఆవిడతో ఉక్రోషంగా చెప్పాను. ఆమె బియ్యం ఏరుతూ, "మీరెప్పుడన్న మామ దగ్గర కూసొని మాట్లాడిన్రా? వచ్చుడు, నాడి పట్టుడు, పోవుడు," అంది.

సాయంత్రం పోయి కూర్చున్నాను.

"బాపూ, నువ్వు కుస్తీ పట్టేటోనివా?"

"ఎవలన్నరు?"

"గట్లనే విన్న."

బాపు దుప్పటి మెడ దాకా లాక్కున్నాడు. "గవన్ని గిప్పుడెందుకు తీ. బయట మంది వచ్చినట్టున్నరు. పో, సూడుపో."

పుస్తకం ప్రకారం ఇంకా పడుకోవలసిన రోజుల్లోనే ఆ డాక్టరు బాపును కుర్చీలో కూర్చోబెడదామన్నాడు. నేను ఒప్పుకోలేదు. గట్టిగానే వాదించాను. ఇద్దరం బాపు తల మీదుగా ఇంగ్లీషులో కొట్లాడుకుంటుంటే, బాపే దుప్పటి తీసేసి, కాళ్ళు కిందికి వేసి, మంచం అంచున లేచి కూర్చున్నాడు. "మీరు తేల్సుకొనేసరికి నేను సస్త," అన్నాడు. ఇద్దరం నవ్వాం. ఆ డాక్టరుతో కలిసి నవ్వడం నాకు అదే మొదలు.

బాపు బతికాడు. బండి మానేశాడు. పొలం గట్టు మీద కూర్చొని కూలీలను తిట్టేంత ఆరోగ్యం మిగిలింది. అప్పుడప్పుడు నిజామాబాద్ పోయి ఆయనకు చూపించుకునేవాడు. నేనే ఎడపల్లి పోయి బస్సు ఎక్కించేవాణ్ణి. కిటికీ పక్క సీటు చూసి కూర్చోబెట్టి, బస్సు కదిలాక దవాఖానకు వచ్చి, ఆ పూట కాంపౌండరు మీద చిరాకు పడేవాణ్ణి. వాడికి అలవాటైపోయింది.

కొన్నేళ్ళకు ఒక వానకాలం మధ్యాహ్నం బాపు అన్నం తిని పడుకొని మళ్ళీ లేవలేదు. కబురు తెలిసి ఆ డాక్టరు ఎడపల్లి వచ్చాడు. దహనం దగ్గర మోకాళ్ళ మీద చేతులు పెట్టుకొని పిల్లాడిలా ఏడ్చాడు. కొరివి పెట్టిన నాకు కంట చుక్క నీరు రాలేదు. ఊరి పెద్దమనిషి ఒకాయన నా పక్కకు వచ్చి మెల్లగా అడిగాడు.

"గా ఏడ్సేటాయన ఎవలు? మీ సుట్టమా?"

"మా బాపు డాక్టర్," అన్నాను.

"మరి నువ్వు డాక్టర్‌వే గద?"

కన్నీళ్ళ విషయంలో కూడా ఆ డాక్టరే నాకంటే ముందున్నాడు.

కాలువలో స్నానాలు చేసి తడిబట్టలతో ఇంటికి నడుస్తున్నాం. డాక్టరు నా పక్కనే ఉన్నాడు. మిగతావాళ్ళు ముందు పోయారు. వెనక కొంత దూరంలో నా కొడుకు వస్తున్నాడు. వాడు అప్పుడు హైదరాబాద్‌లో మెడిసిన్ రెండో ఏడు చదువుతున్నాడు. కొంత దూరం పోయాక నేను ఆగి, తువ్వాలు పిండుకోవడం మొదలుపెట్టాను. అది అప్పటికే పిండి ఉంది. ఆయనా ఆగాడు. నా చేతుల వైపు చూడలేదు. ముఖం వైపు చూశాడు.

"ఎప్పటి సంది?" అన్నాడు.

"ఏం లేదు. పొద్దటి నుంచి తినలే, గంతే."

ఆయన కదలలేదు. అట్లా నిలబడి ఎదురుచూడడం ఆయనకు బాగా తెలుసు. కాలువలో నీళ్ళు పోతున్నాయి. అప్పటిదాకా మా ఆవిడకు కూడా చెప్పని మాట నా నోటి నుంచి దానంతటదే వచ్చింది.

"ఎండకాలం నుంచి. స్కూటర్ కిక్ కొడితె దవడ గుంజుతది. ఎడమ చెయ్యి బరువైతది. కాసేపు కూసుంటె పోతది."

"చెమట?"

"ఒకసారి."

"సోమవారం రా అన్నా. గీత తీద్దాం." అంతవరకూ ఆయన నన్ను అన్నా అని పిలిచింది లేదు.

సరే అన్నట్టు తలూపాను. ఛాతీలో బిగువు వదిలింది. వెనక నుంచి నా కొడుకు అడుగులు వినబడ్డాయి. మేము ఎందుకు ఆగామో అని త్వరత్వరగా వస్తున్నాడు. నేను తువ్వాలు భుజం మీద వేసుకొని, ఆయన చెవి దగ్గరికి వంగాను.

"వానికి మాత్రం చెప్పకు," అన్నాను.